బావగారి సూట్‌కేసులో చోటుంది... హెడ్‌సెట్ తెప్పించుకోమంటారా?

ప్రశ్న: నాది కూకట్‌పల్లి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు చూశాక నాకు ఈ పిచ్చి పట్టుకుంది. లాజిటెక్ జీ29 స్టీరింగు, పెడల్స్ కొన్నాను. కంప్యూటర్‌లో అసెట్టో కోర్సా అనే కారు రేసు ఆట ఆడుతుంటాను. రోజూ రాత్రి ముప్పావు గంట ప్రాక్టీసు, శనివారం ఫ్రెండ్స్‌తో గంటన్నర లీగ్ రేసు. ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు (8 జీబీ), 24 అంగుళాల 144 హెర్ట్జ్ (సెకనుకు 144 బొమ్మలు చూపే) ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఒకటి, నాలుగడుగుల టేబుల్ ఉన్నాయి. మలుపుల్లో పక్క కారు ఎక్కడుందో తెలియక గుద్దేస్తున్నాను, లీగ్‌లో తిట్లు తింటున్నాను. సంక్రాంతికి అక్కా బావా డల్లాస్ నుంచి వస్తున్నారు. క్వెస్ట్ 3 అనే వీఆర్ హెడ్‌సెట్ (కళ్ళకు తగిలించుకుంటే ఆట చుట్టూ కనపడేది) తెస్తానని బావగారు అంటున్నారు. ఫ్రెండ్సేమో మూడు మానిటర్లు పెట్టుకో అంటున్నారు. ఆటలో పూర్తిగా లీనమైపోవాలన్నది నా కోరిక. బడ్జెట్ 60 వేలు. కళ్ళద్దాలున్నాయి, మైనస్ 4. ఇంకో మాట, తిరుమల ఘాట్ రోడ్డులో బస్సెక్కితే చేతిలో నిమ్మకాయ లేకుండా కూర్చోలేను. ఏది కొనమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో రెండు కోరికలు కలిసిపోయాయి. ఆటలో లీనమైపోవడం ఒకటి, పక్క కారు కనపడటం ఇంకొకటి. మొదటిదాని కోసం హెడ్‌సెట్ కొంటే రెండోది కూడా దానంతటదే తీరిపోతుందని మీరూ అనుకుంటున్నారు, బావగారూ అనుకుంటున్నారు. తీరదు. ఎందుకు తీరదో చెప్పేముందు హెడ్‌సెట్‌కు దక్కాల్సిన మర్యాద దక్కనివ్వాలి. ఎందుకంటే అది పెట్టుకుని మొదటిసారి ట్రాక్ మీదికి వెళ్ళిన రోజు నేనూ ఇక మానిటర్లు అమ్మేద్దామనుకున్నవాణ్ణే.

బెల్జియంలో స్పా అనే ట్రాక్ ఉంది, ఒక రౌండు ఏడు కిలోమీటర్లు. మీరూ అక్కడ తిప్పే ఉంటారు. మొదటి మలుపు తిరగ్గానే రోడ్డు కిందికి జారి, లోయలో ఎడమకు ఒక్క వంపు తిరిగి, అక్కణ్ణుంచి కొండ మీదికి లేస్తుంది. ఓ రూజ్, రైడియోన్ అంటారు ఆ చోటుని. ఎక్కాల్సిన ఎత్తు నలభై మీటర్ల దాకా ఉంటుంది. అంటే పదమూడంతస్తుల అపార్ట్‌మెంటు. ఏళ్ళ తరబడి మానిటర్ మీద చూసి అదేదో కొంచెం ఎత్తుగా ఉండే వంపు అనుకున్నాను. ఒక ఫ్రెండ్ ఇంట్లో హెడ్‌సెట్ తగిలించుకుని ఆ లోయలోకి దిగేసరికి, ఎదురుగా రోడ్డు గోడలా నిలబడింది. దాని పై అంచుకు అవతల ఏముందో కనపడదు. కాలు తనంతట తనే యాక్సిలరేటర్ మీంచి లేచిపోయింది. రెండు కళ్ళకూ రెండు వేర్వేరు బొమ్మలు చూపించి, తల ఎటు తిరిగితే బొమ్మను అటు తిప్పే యంత్రం చేసే పని ఇది. ఎత్తు, లోతు, దూరం కళ్ళకు నిజంగా తెలుస్తాయి. ఎన్ని మానిటర్లు పక్కపక్కన పేర్చినా ఆ లోతు రాదు. ఈ విషయంలో వాదనే లేదు.

అక్కడితో ఆపి లేచి ఉంటే బాగుండేది. పదిహేనో నిమిషంలో తడిసిన గడ్డి మీదికి చక్రం పెట్టాను, కారు గిర్రున రెండు చుట్లు తిరిగింది. కళ్ళు తిరిగాయి, నేను తిరగలేదు. మరుక్షణం నుదుట చెమట, నోట్లో నీళ్ళూరడం. హెడ్‌సెట్ తీసి చాప మీద పడుకుంటే ఫ్రెండ్ వాళ్ళమ్మగారు అల్లం వేసిన మజ్జిగ ఇచ్చి, "రేసుకెళ్ళింది నువ్వేనా, నీ కడుపా బాబూ?" అన్నారు. ఆ పూట అన్నం తినలేదు.

ఘాట్ రోడ్డు బస్సులో మీకు జరిగేది కూడా ఇదే, కాకపోతే తిరగేసి. బస్సులో చెవి లోపలి బ్యాలెన్సు భాగం "తిరుగుతున్నాం" అంటుంది, ఎదురు సీటును చూస్తున్న కళ్ళు "కూర్చునే ఉన్నాం" అంటాయి. హెడ్‌సెట్‌లో కళ్ళు "తిరుగుతున్నాం" అంటాయి, చెవి "కుర్చీలోనే ఉన్నాం" అంటుంది. రెండింటికీ పొసగకపోవడమే వికారం. బస్సు పడనివాళ్ళందరికీ హెడ్‌సెట్ పడదని రూలేమీ లేదు. కారు ఆటల్లో చుట్టూ కారు డ్యాష్‌బోర్డు, స్తంభాలు కదలకుండా కనపడతాయి కాబట్టి, నడుస్తూ తుపాకులు పేల్చే ఆటలకంటే ఇవి కొంత నయం. రోజుకు పదేసి నిమిషాలతో మొదలుపెట్టి, వికారం మొదలవగానే ఆపేసి, రెండు మూడు వారాల్లో అలవాటు చేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకున్నా కొంత ఉపశమనం. కానీ నిమ్మకాయ పట్టుకుని తిరుమల ఎక్కే మనిషి 50 వేల వస్తువును ఒక్కసారి కూడా పెట్టి చూడకుండా తెప్పించుకోవడం మాత్రం తెలివైన పని కాదు.

ఇక అసలు విషయం, పక్క కారు.

ఒక టేపు తీసుకుని మీ కళ్ళ దగ్గర్నుంచి మానిటర్ దాకా కొలవండి. మామూలుగా టేబుల్ మీద స్టీరింగు బిగిస్తే మానిటర్ వెనక్కి పోయి 75 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. 24 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు. ఆ దూరం నుంచి అది మీ చూపులో ఆక్రమించేది 39 డిగ్రీలే. నిజమైన కారులో ముందు అద్దం ఇంతకంటే చాలా వెడల్పుగా కనపడుతుంది. మీరు గుద్దుతున్నది డ్రైవింగు రాక కాదు, కిటికీ సందులోంచి చూస్తూ నడుపుతున్నారు కాబట్టి.

క్వెస్ట్ 3లో అడ్డంగా కనిపించేది 110 డిగ్రీల దాకా. 39తో పోలిస్తే ఎంతో పెద్దది. కానీ అంచులు ఈత కళ్ళద్దాల్లా నల్లగా తెగిపోతాయి. ముక్కుకు సూటి గీత నుంచి చెరోవైపు 55 డిగ్రీలు. మిమ్మల్ని దాటాలని పక్కకు వచ్చిన కారు ముందు చక్రం మీ తలుపు దగ్గరికి చేరేసరికి అంతకంటే పక్కకు ఉంటుంది. అంటే దాన్ని చూడాలంటే ప్రతిసారీ తల తిప్పాలి. తిప్పితే అద్భుతంగా కనిపిస్తుంది, కాదనను. కానీ తల మీద అరకిలో పైన బరువు (క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు), గంటన్నర రేసు, మలుపు మలుపుకీ తల తిప్పడం. పైగా బ్రేకు కొట్టాల్సిన క్షణంలోనే తల తిప్పాలి, ఎందుకంటే పక్క కార్లు దూరేది అక్కడే.

మూడు మానిటర్ల లెక్క చూడండి. మధ్యదాన్ని 60 సెంటీమీటర్లకు జరిపి, పక్కవి రెండూ మీ వైపు మడిస్తే ఒక్కోటి 48 డిగ్రీల దాకా వస్తుంది. మూడూ కలిపి 143. అంటే చెరోవైపు 71 డిగ్రీలు. పక్క కారు ముక్కు కంటి కొసకు తగులుతుంది. మీరు దాన్ని చూడరు, అది ఉందని తెలుస్తుంది అంతే. బైకు మీద కేపీహెచ్‌బీ రోడ్డులో వెళ్తూ పక్కకొచ్చిన ఆటోను మీరు తల తిప్పి చూడరు కదా, కానీ హ్యాండిల్ మాత్రం అటు వంచరు. అదే పని. కంటి కొసకు వివరాలు అక్కర్లేదు, కదలిక చాలు. మీ లీగ్ తిట్లకు మందు ఇదే.

మీ టేబుల్ మీద పడతాయా? పడతాయి, అదే నాకు నచ్చిన సంగతి. పక్క మానిటర్లను 48 డిగ్రీలు మడిస్తే మొత్తం వెడల్పు 124 సెంటీమీటర్లు. మీ నాలుగడుగుల టేబుల్ 122. అంచులు చెరో సెంటీమీటరు గాల్లో ఉంటాయి, స్టాండు కాళ్ళు మాత్రం టేబుల్ మీదే. పక్కవాటి బయటి అంచులు 39 సెంటీమీటర్లు ముందుకు వస్తాయి, అంటే మీ మోచేతులకు అటూ ఇటూ గోడల్లా ఉంటాయి. కొనేముందు అట్టపెట్టెల్ని ఆ కొలతకు కోసి నిలబెట్టి, స్టీరింగు పూర్తిగా తిప్పి చూడండి. మోచెయ్యి తగిలిందంటే 65కి జరపండి. చూపు 133 డిగ్రీలకు తగ్గుతుంది, పరవాలేదు. 27 అంగుళాలవి కొందామని ఫ్రెండ్స్ అంటే వినకండి. వాటికి టేబుల్ మార్చాలి, ఉన్న మానిటర్ పక్కన పడేయాలి, మీ ఖర్చు రెట్టింపు.

మీరు కొనాల్సింది రెండే రెండు, మీ దగ్గరున్నలాంటివే. వీలైతే అదే మోడల్. రంగు ఒకలా, ఎత్తు ఒకలా ఉన్న మూడు తెరలను కలిపితే పెళ్ళి ఫొటోలో ముగ్గురు తోడల్లుళ్ళు మూడు రకాల పంచెలతో నిలబడ్డట్టు ఉంటుంది. రిజల్యూషన్, హెర్ట్జ్ ఒకటే అయితే మూడింటినీ ఒకే తెరగా కలపడం తేలిక. ఈ రకం మానిటర్లు ఒక్కోటి పది వేల చుట్టుపక్కల దొరుకుతాయి.

మీ కార్డు వెనక ఒకసారి చూడండి. చాలా 4060 కార్డులకు మానిటర్ కేబుల్ పెట్టుకునే చోట్లు రెండు రకాలు, మూడు డిస్‌ప్లేపోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. మానిటర్ డబ్బాలో చాలాసార్లు హెచ్‌డీఎంఐ కేబులే ఇస్తారు, కొన్ని చౌక మానిటర్లలో దాని మీద 144 హెర్ట్జ్ రాదు. కాబట్టి డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్ళు విడిగా కొనండి. ఇవే సలహాలు ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు పాటించకూడదు. చాలా ల్యాప్‌టాప్‌లకు మూడు బయటి తెరలకు సరిపడా పోర్టులు ఉండవు.

కార్డు మోయగలదా అన్నది మీరు అడగలేదు గానీ అడగాల్సింది. మూడు ఫుల్ హెచ్‌డీ తెరలంటే దాదాపు 62 లక్షల చుక్కలు (పిక్సెళ్ళు). ఒక్క 4కే టీవీకి 83 లక్షలు, అంటే దానికంటే తక్కువే. అసెట్టో కోర్సా 2014 నాటి ఆట, 4060కి ఇది బరువు కాదు. హెడ్‌సెట్‌లో రెండు కళ్ళకూ కలిపి 91 లక్షల చుక్కలు. లెన్సు వంపును సరిచేయడానికి కార్డు అంతకంటే పెద్ద బొమ్మ గీసి కుదించాలి. పైగా క్వెస్ట్ లాంటి వాటికి ఆ బొమ్మను వీడియోలా నొక్కి కేబుల్ మీదో వైఫై మీదో పంపాలి. ఇదంతా సెకనుకు 90 సార్లు తప్పకుండా జరగాలి. మానిటర్ మీద 90 కాస్తా 70కి పడితే మీకు చిరాకు, అంతే. హెడ్‌సెట్‌లో పడితే కడుపులో తిప్పుతుంది. ఆ ఇబ్బంది రాకుండా సాఫ్ట్‌వేర్ 45కి తగ్గించి మధ్యలో దొంగ బొమ్మలు ఇరికిస్తుంది. అప్పుడు పక్కన పోయే స్తంభాలు జెల్లీలా వణుకుతాయి. ఇరవై కార్లున్న లీగ్ రేసులో 4060తో ఆ వణుకు కనపడే అవకాశం ఎక్కువ.

ఒక తేడా ఇక్కడే చెప్పాలి. 60 సెంటీమీటర్ల నుంచి చూస్తే మీ మానిటర్ ఒక్కో డిగ్రీకి 40 చుక్కలు ఇస్తుంది. క్వెస్ట్ 3 ఇచ్చేది 25. మలుపు ఇంకెంత దూరమో చెప్పే బ్రేకింగ్ బోర్డు మీద అంకె మానిటర్‌లో ముందే చదవగలుగుతారు, హెడ్‌సెట్‌లో కాస్త దగ్గరికి వెళ్ళాక. రేసులో అది చిన్న విషయం కాదు.

మానిటర్లు బిగించాక ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సరౌండ్ అనే సెట్టింగు ఆన్ చేస్తే మూడూ కలిసి 5760 బై 1080 ఒకే తెర అవుతాయి. చాలామంది ఇక్కడితో ఆపేసి "పక్క మానిటర్లలో చెట్లు రబ్బరులా సాగుతున్నాయండీ" అని ఉత్తరాలు రాస్తారు. ఆట ఇంకా ఒకే పొడవాటి చదును తెర ఉందనుకుంటోంది, అందుకే ఆ సాగుడు. ఆటలోని వీడియో సెట్టింగుల్లో ట్రిపుల్ స్క్రీన్ ఎంచుకోవాలి. అప్పుడు తెర వెడల్పు, కంటికి దూరం, పక్కవాటి కోణం, అంచు మందం అడుగుతుంది. టేపుతో కొలిచిన అంకెలే ఇవ్వండి, బాగుందనిపించే అంకెలు కాదు. ఐరేసింగ్ అనే ఇంకో రేసు ఆటలో కూడా మూడు తెరలకు మూడు విడి చూపులతో గీసే ఏర్పాటు ఉంది. సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే ట్రాక్ పక్క కంచెను చూడండి. ఒక మానిటర్ నుంచి ఇంకోదానికి విరగకుండా సూటిగా సాగాలి.

మూడు చేతుల క్లాంప్ స్టాండు కొందామనిపిస్తుంది. మీ టేబుల్ రంపపు పొట్టుతో చేసిన చెక్కదైతే ఆ ఆలోచన మానుకోండి. స్టీరింగు లాగుడుకు టేబులంతా ఊగుతుంది, దాంతోపాటు మూడు తెరలూ ఊగుతాయి, కొన్నాళ్ళకు క్లాంపు దగ్గర చెక్క పొడిపొడిగా రాలుతుంది. నాది అలాగే రాలింది. మానిటర్లతో వచ్చిన కాళ్ళే చాలు. ఎత్తు తేడా ఉంటే కింద పాత పుస్తకాలు పెట్టండి, సిగ్గుపడే పనేం లేదు.

ఇంత ఖర్చూ ముప్పై వేల లోపు తేలిపోతుంది. మిగిలింది కుర్చీ మీద పెట్టండి. ఆఫీసు కుర్చీలో కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కితే కుర్చీ వెనక్కి జారిపోతోందా? జీ29 బ్రేకు గట్టిది కాబట్టి జారే ఉంటుంది. కదలని సీటు చెయ్యి మీద, కాలి మీద తెచ్చే మార్పు ఏ తెరా తేలేదు. ఇప్పటికిప్పుడైతే కుర్చీ చక్రాలను పాత బూట్లలో పెట్టండి. నవ్వకండి, పనిచేస్తుంది.

డబ్బు ఖర్చు పెట్టకుండా ఈ రాత్రే చేయగలిగినవి రెండున్నాయి. క్రూ చీఫ్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది, పక్కన కారుంటే ఎడమ, కుడి అని చెవిలో చెబుతుంది. హెలికోర్సా అని ఇంకోటి, పక్క కార్లను రాడార్‌లా చిన్న బొమ్మలో చూపిస్తుంది. మానిటర్లు వచ్చేలోపు లీగ్‌లో మీ పరువు ఇవి కాపాడతాయి.

హెడ్‌సెట్ కొనుక్కో అని నేను చెప్పే మనుషులు లేకపోలేదు. కంప్యూటర్‌లో విమానాల ఆటలు ఆడేవాళ్ళు మొదట. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో 2020 డిసెంబరు నుంచే ఆ సౌకర్యం ఉంది. దిగేటప్పుడు రన్‌వే ఎంత కిందుందో కంటికి తెలియడం అక్కడ ప్రాణం, పక్కన గుద్దేవాడెవడూ ఉండడు, తల నిదానంగా తిప్పొచ్చు. ఏడాదికో అద్దె ఇల్లు మారేవాళ్ళకు కూడా, మూడు మానిటర్లు మోసుకు తిరగడం కంటే ఒక డబ్బా నయం. ఒంటరిగా, తలుపేసుకుని, ఏసీ గదిలో ఆడేవాళ్ళకు సరే. మీ ఇంట్లో తొమ్మిదిన్నరకు అన్నానికి పిలుస్తారనుకుంటాను. హెడ్‌సెట్‌లో ఉన్నవాడికి వెనక నుంచి అమ్మ వచ్చి భుజం తడితే గుండె ఆగినంత పనవుతుంది. మే నెలలో ముఖానికి నురగ మెత్త కట్టుకుని గంటన్నర కూర్చోవడం గురించి ఇక వేరే చెప్పక్కర్లేదు. సంక్రాంతి చలిలో పెట్టి చూస్తే అది తెలియదు.

ఎవరైనా హెచ్‌పీ రెవర్బ్ జీ2 అనే పాత హెడ్‌సెట్ సెకండ్ హ్యాండ్‌లో చౌకగా ఇస్తామంటే మాత్రం దూరంగా ఉండండి. వస్తువు మంచిదే. కానీ అది నడవడానికి కావలసిన భాగాన్ని మైక్రోసాఫ్ట్ విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్‌లో తీసేసింది. అందుకే అంత చౌక. అమెరికాలో కొన్న క్వెస్ట్ చెడిపోతే కూడా, వారంటీ కోసం మళ్ళీ డల్లాస్ వెళ్ళే సూట్‌కేసు వెతుక్కోవాల్సిందే.

బావగారికి వద్దని చెప్పడం మొహమాటమైతే ఇలా అడగండి. వాళ్ళింట్లో పిల్లలు ఆడుకునే క్వెస్ట్ ఉంటే, కొత్తది కొనకుండా దాన్నే పండక్కి తీసుకురమ్మనండి. వెళ్ళేటప్పుడు వాళ్ళే పట్టుకెళ్తారు. ఉన్న పది రోజుల్లో రోజుకు పది నిమిషాలు మించకుండా మీరు స్పాలో తిప్పి చూడండి. పిల్లల తల నుంచి మీ తలకు మారినప్పుడు రెండు లెన్సుల మధ్య దూరాన్ని మీ కళ్ళకు తగ్గట్టు తిప్పుకోవాలి, లేకపోతే తలనొప్పిని హెడ్‌సెట్ ఖాతాలో వేస్తారు. కళ్ళద్దాలుంటే ముఖం మెత్తను ఒకటి రెండు మెట్లు వెనక్కి జరపండి, మీ అద్దాలు దాని లెన్సుకు రాసుకుంటే గీతలు పడతాయి. పదో రోజుకీ నిమ్మకాయ అవసరం రాకపోతే వచ్చే ఏడాది కార్డు మార్చాక హెడ్‌సెట్ గురించి మళ్ళీ రాయండి, అప్పుడు మాట్లాడదాం. ఆడటం అయ్యాక దాన్ని కిటికీ పక్కన మాత్రం పెట్టకండి. లెన్సులోంచి ఎండ పడితే లోపలి తెర మీద కాలిన మచ్చ ఏర్పడుతుంది, అది పోదు. బావగారి వస్తువు కదా.